మూడు భవనాల కళాశాలకు ఏ నెట్‌వర్క్ మేలు?

శ్రీకాకుళంలోని ఒక డిగ్రీ కళాశాల నుంచి పరీక్ష ఫీజుల ఆఖరి రోజు మధ్యాహ్నం ఫోను వచ్చింది. "ఇంటర్నెట్ పోయింది, ఆఫీసులో ప్రింటరు కూడా పలకడం లేదు" అన్నారు. ఇంటర్నెట్ పోతే పక్క గదిలోని ప్రింటరు ఎందుకు ఆగాలి? ఆ ఒక్క మాటతోనే నాకు సగం అర్థమైంది. వెళ్లి రాక్ తలుపు తీస్తే స్విచ్ (కంప్యూటర్ల కేబుళ్లన్నీ కలిసే పెట్టె) మీద 24 లైట్లూ ఒకే లయలో, క్షణం ఆగకుండా మిణుకుతున్నాయి. మామూలు రోజుల్లో ఏ లైటు పని ఆ లైటుది. అన్నీ ఒక్కటై వణుకుతున్నాయంటే ఎక్కడో లూప్ పడిందన్నమాట, అంటే కేబుల్ దారి తిరిగి మొదలైన చోటికే చేరిందని.

కారణం మేడ మీది ల్యాబులో దొరికింది. బల్ల కింద ఒక కేబుల్ కొస వేలాడుతుంటే, ఊడిపోయిందనుకుని ఒక కుర్రాడు దగ్గర్లోని ఖాళీ పోర్టులో (కేబుల్ దూర్చే రంధ్రంలో) పెట్టాడు. దాని రెండో కొస అప్పటికే అదే స్విచ్‌లో ఉంది. మంచి చేద్దామనే చేశాడు. ఆ కేబుల్ లాగేసిన కాసేపటికే ఆఫీసులో ఆగిపోయిన రసీదులన్నీ ఒకదాని వెనుక ఒకటి బయటికి రావడం మొదలైంది. అప్పటికి మూడు గంటలుగా పిల్లలు వరండాలో నిలబడి ఉన్నారు. వాళ్లలో కొందరికి ఊరికి వెళ్లే ఆఖరి బస్సు దాటిపోయింది.

"ఇది మళ్లీ జరగకూడదు బాబూ. మూడో భవనం కూడా కడుతున్నాం. అన్నీ కలిపి ఎలా వేస్తే మేలో చెప్పు" అన్నారు ప్రిన్సిపాల్ గారు. ఆయనకు చెప్పిన జవాబే ఇక్కడ రాస్తున్నాను. మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లోనూ ఇలాంటి కళాశాలలు, ఆసుపత్రులు, ఆఫీసులు చాలా ఉన్నాయి.

ముందు జబ్బు ఏమిటో తెలియాలి. ఫలానా యంత్రం ఏ పోర్టులో ఉందో తెలిస్తే స్విచ్ సందేశాన్ని అందులోకే పంపుతుంది. 'అందరికీ' అని ఉన్న సందేశమైతే, వచ్చిన పోర్టు తప్ప మిగతా అన్నింటిలోకీ ఒక్కో నకలు పంపుతుంది. మన ఏడు రోడ్ల కూడలిని ఊహించుకోండి. ఒక రోడ్డు మీద ఒక మనిషి వస్తాడు, మిగతా ఆరు రోడ్ల మీదా ఆరుగురై వెళతాడు. ఆ రోడ్లు ఊరి బయట ఆగిపోతే చిక్కు లేదు. వాటిలో రెండు వెనుక ఎక్కడో కలిసి తిరిగి కూడలికే చేరితే, ఆ ఇద్దరూ వచ్చి మళ్లీ ఆరుగురేసి అవుతారు. కొద్ది క్షణాల్లో కూడలిలో కాలు పెట్టే చోటు ఉండదు. ఇంటర్నెట్ వాడే ఐపీ పద్ధతి సందేశానికైతే ఆయుష్షు లెక్క ఉంటుంది. దారిలో ప్రతి రౌటరూ (నెట్‌వర్క్‌ల మధ్య సందేశాలు దాటించే పెట్టె) ఒకటి తగ్గిస్తుంది, సున్నాకు చేరితే పారేస్తుంది. స్విచ్‌లు, కేబుళ్ల మీద నడిచే ఈథర్‌నెట్ పద్ధతి సందేశానికి ఆ లెక్క లేదు. ఒకే తీగ మీద నడవడానికి పుట్టినది కాబట్టి అప్పట్లో ఆ అవసరం రాలేదు.

ఈ లోటును పూడ్చిన మనిషి రేడియా పెర్ల్‌మన్. 1951లో అమెరికాలో పుట్టారు. తల్లిదండ్రులిద్దరూ ఇంజనీర్లుగా పని చేసినవాళ్లే. అయినా చిన్నప్పుడు రేడియోలు విప్పి చూసే అలవాటు తనకు లేదని, తనకు ఇష్టమైనవి లెక్కలు, తర్కం, సంగీతమని ఆమే చెప్పుకున్నారు. స్క్రూడ్రైవర్ పట్టుకోవడం రాదని కంప్యూటర్ కోర్సుకు జంకే మన అమ్మాయిలకు ఈ మాట తప్పకుండా చెబుతుంటాను. ఎం.ఐ.టీ.లో గణితం చదివారు. అక్కడే 1970లలో, ఇంకా చదవడం రాని చిన్నపిల్లలు మీటలు నొక్కి బొమ్మ తాబేలును నడిపించేలా ఒక ప్రోగ్రామింగ్ పద్ధతి తయారు చేశారు. 1980లో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ (డెక్) అనే కంప్యూటర్ కంపెనీలో చేరారు.

ఇక ప్రిన్సిపాల్ గారి ప్రశ్నకు మూడు దారులు.

మొదటిది, లూప్ అనేదే లేకుండా వేయడం. ఆఫీసులో ఒక స్విచ్ పెట్టి, అక్కడి నుంచి ఒక్కో భవనానికి ఒక్కో కేబుల్ లాగడం. స్విచ్‌లు బజారులో దొరికే మామూలువి, అమర్చవలసినది ఏమీ ఉండదు. ఖర్చు తక్కువ. మన ఊళ్లలో ఎక్కువగా ఉన్నది ఇదే.

దీన్ని నేను ఒప్పుకోను. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు కొబ్బరిచెట్లు, కరెంటు స్తంభాలు ఎలా పడిపోయాయో చూసినవాళ్లం. అటువైపు ఒక బడిలో రెండు భవనాల మధ్య గాలిలో లాగిన కేబుల్ మీద కొబ్బరిచెట్టు పడింది. ఆ భవనానికి ఉన్నది ఆ ఒక్క దారే. కరెంటు తిరిగి వచ్చాక కూడా అక్కడి కంప్యూటర్లు చాలా రోజులు ఒంటరిగా ఉండిపోయాయి. ఇది ఒక లోపం. అంతకన్నా పెద్దది మరొకటి ఉంది. మనం లూప్ వేయకపోయినంత మాత్రాన లూప్ పడకుండా పోదు. ఆ కుర్రాడి చేతిలోని రెండు మీటర్ల కేబుల్ చాలు. ఇలాంటి చవక స్విచ్‌లలో చాలావాటికి దాన్ని గుర్తుపట్టే తెలివి ఉండదు.

రెండోది, కావాలనే వలయంగా వేసి, దాన్ని అదుపులో పెట్టే పని స్పానింగ్ ట్రీకి, అంటే అదనపు దారులను మూసి ఉంచే పద్ధతికి, అప్పగించడం. ఇది రేడియా పెర్ల్‌మన్ పెట్టిన పద్ధతి. 1980ల మధ్యలో విడివిడి ఈథర్‌నెట్‌లను కలిపే పెట్టె కావలసి వచ్చింది. కంప్యూటర్లలో ఏమీ మార్చకూడదు, నెట్‌వర్క్ ఎంత పెరిగినా పెట్టెలోని మెమరీ పెరగకూడదు. ఆమె పై అధికారి ఒక శుక్రవారం ఈ పని అప్పగించి వారం రోజుల సెలవు మీద వెళ్లారు. ఆ రాత్రే ఆమెకు దారి తట్టింది. సోమ, మంగళవారాల్లో అంతా వివరంగా రాసేశారు. పై అధికారి తిరిగి వచ్చేదాకా మిగిలిన రోజుల్లో తన పద్ధతి మీదే ఒక కవిత అల్లారు. 1985లో వెలువడిన పరిశోధన పత్రంలో ఆ కవిత కూడా అచ్చయింది. ఇంజనీరింగ్ పిల్లలు స్పానింగ్ ట్రీని రెండు మార్కుల ప్రశ్నగా బట్టీ పడతారు. దాని వెనుక ఇంత ముచ్చటైన వారం ఉందని వాళ్లకు ఎవరూ చెప్పరు.

పద్ధతి చూడండి. ప్రతి స్విచ్‌కూ ఒక సంఖ్య ఉంటుంది. అందరూ మొదట 'నేనే పెద్దను' అని చాటుతారు. తనకన్నా చిన్న సంఖ్య ఉన్న స్విచ్ మాట వినగానే వెనక్కి తగ్గి, దాన్ని పెద్దగా ఒప్పుకుంటారు. చివరికి అతి చిన్న సంఖ్య ఉన్నది ఈ దారుల చెట్టుకు వేరు (రూట్) అవుతుంది. మిగతా ప్రతి స్విచ్ ఆ వేరుకు తనకున్న దగ్గరి దారిని ఉంచుకుంటుంది. చెట్టులో భాగం కాని పోర్టులను మూసి ఉంచుతారు. కేబుల్ అక్కడే ఉంటుంది, లైటు వెలుగుతుంది, సందేశాలు మాత్రం పోవు. వేరు నుంచి రెండు సెకన్లకొకసారి పలకరింపు వస్తుంటుంది. అది ఆగిపోతే చెట్టును మళ్లీ కట్టుకుని, మూసిన దారి తెరుస్తారు. పైన కూర్చుని ఎవరూ పటం గీయరు. ప్రతి స్విచ్‌కూ తెలిసేది పక్కవాళ్లు చెప్పిన మాట మాత్రమే. ఇన్నేళ్లుగా ఈ పని చేస్తున్నా, ఇంత కొద్ది సమాచారంతో ఇంత పొందిక ఎలా వస్తుందా అని నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

లోపాలు లేవని కాదు. పాత పద్ధతిలో దారి మారడానికి 30 నుంచి 50 సెకన్లు పట్టేది. 2001లో వచ్చిన వేగవంతమైన రూపంలో ఎక్కువ సందర్భాల్లో ఒకటి రెండు సెకన్లలోపే మారుతుంది. కొనేటప్పుడు ఈ కొత్త రూపం ఉందో లేదో చూసి కొనండి. ఇంకొక సంగతి చాలామంది పట్టించుకోరు. స్విచ్ సంఖ్యలో ముందు భాగమైన ప్రయారిటీ అంకె మనం మార్చకపోతే అన్ని స్విచ్‌లకూ 32768 ఉంటుంది. అప్పుడు మ్యాక్ నంబరు (తయారీలోనే పెట్టెకు ఇచ్చే నంబరు) చిన్నది ఏదో అదే వేరు అవుతుంది. ఒకే కంపెనీ సరుకులో పాత పెట్టెకే తరచుగా చిన్న నంబరు ఉంటుంది. దాంతో గ్రంథాలయం మూల దుమ్ము పట్టిన స్విచ్ కళాశాల మొత్తానికి పెద్ద అయి కూర్చుంటుంది. ఆఫీసులోని మంచి స్విచ్‌కు 4096 ఇవ్వండి. ఒక్క నిమిషం పని.

స్విచ్ వెనుక స్విచ్ గొలుసుగా తగిలించుకుంటూ పోవడం కూడా ప్రమాదమే. ఆ కొస నుంచి ఈ కొసకు ఏడు స్విచ్‌లకు మించకూడదన్నది పాత ప్రమాణం అనుకున్న హద్దు. 2002 నవంబరులో బోస్టన్‌లోని ఒక పెద్ద ఆసుపత్రిలో నెట్‌వర్క్ ఆ హద్దు దాటి పెరిగి కుప్పకూలింది. డాక్టర్లు కొన్ని రోజులు కాగితాల మీద పని నడిపించారు.

మూడోది, భవనాల మధ్య రౌటింగ్, అంటే చిరునామా చూసి దారి ఎంచి పంపడం. ప్రతి భవనం ఒక విడి నెట్‌వర్క్ అవుతుంది. 'అందరికీ' అన్న సందేశం ఆ భవనం గడప దాటదు. ఒక ల్యాబులో లూప్ పడి సందేశాల తుపాను లేచినా పక్క భవనంలో ఫీజుల పని సాగుతుంది. రెండు కేబుళ్లుంటే రెండూ పని చేస్తాయి, ఒకటి మూతపడి ఉండదు. సందేశానికి ఆయుష్షు లెక్క ఉంటుంది కాబట్టి ఏదీ అనంతంగా తిరగదు.

విశేషమేమిటంటే, ఇక్కడా రేడియా పెర్ల్‌మన్ చెయ్యి ఉంది. ఆమె మనసు మొదటి నుంచీ ఈ వైపే. స్పానింగ్ ట్రీని తాత్కాలిక ఏర్పాటుగానే చూశానని, జనం రౌటింగ్‌కు మారేదాకా సరిపోతుందనుకున్నానని ఆమే చెప్పారు. అంతకుముందు, 1980 అక్టోబరు 27న ఇంటర్నెట్‌కు ముందు రూపమైన అమెరికాలోని ఆర్పానెట్ గంటల తరబడి స్తంభించింది. దారుల సమాచారం మోసే సందేశాలకు 0 నుంచి 63 దాకా వరుస సంఖ్యలుండేవి. 63 తర్వాత గడియారంలా మళ్లీ సున్నా. ఒక యంత్రం చెడి, ఒకే యంత్రం పేరిట 8, 40, 44 సంఖ్యలతో మూడు సందేశాలు బయటికి వచ్చాయి. ఆ గుండ్రటి లెక్కలో 8 కంటే 40 కొత్తది, 40 కంటే 44 కొత్తది, 44 కంటే మళ్లీ 8 కొత్తది. మూడూ ఒకదాన్నొకటి తరుముతూ ఆగకుండా తిరిగాయి. చెడిన యంత్రాన్ని తీసేసినా నెట్‌వర్క్ కోలుకోలేదు. 1983లో ఆమె దీనికి విరుగుడు రాశారు. ఎలాంటి చెత్త సందేశమైనా వయసు మీరి చావాలి, తప్పు చేసిన యంత్రం పోగానే మిగతావి వాటంతట అవే సర్దుకోవాలి. ఆ ఆలోచన డెక్‌లో ఆమె పని ద్వారా ఐఎస్-ఐఎస్ అనే రౌటింగ్ పద్ధతిలోకి వెళ్లింది. పెద్ద ఇంటర్నెట్ కంపెనీల లోపలి దారులు ఇప్పటికీ దాని మీద నడుస్తున్నాయి. 1988లో ఆమె డాక్టరేట్ కోసం రాసినది కూడా, కొన్ని రౌటర్లు అబద్ధం చెప్పినా నెట్‌వర్క్ నిలబడడం ఎలా అన్నదాని మీదే.

ఇంత గొప్పదైతే అందరికీ ఇదే చెప్పవచ్చు కదా? రౌటింగ్ చేసే స్విచ్‌ల ధర ఎక్కువ. అంతకన్నా, దాన్ని చూసుకునే మనిషి కావాలి. ఏ భవనానికి ఏ చిరునామాలు, ప్రింటరు ఏ వైపు, కెమెరాలు ఏ వైపు అని ముందే పటం గీసి పెట్టాలి. ఆ పటం గీసినవాడు ఉద్యోగం మారి విశాఖపట్నం వెళ్లిపోతే, తర్వాత వచ్చిన ల్యాబ్ అసిస్టెంటు ఏదీ ముట్టుకోవడానికి ధైర్యం చేయడు. మన ఊళ్లలో ఇది రోజూ చూస్తున్నదే. రెంటినీ కలిపి ట్రిల్ అనే పద్ధతిని కూడా ఆమె 2004లో ప్రతిపాదించారు, 2011లో అది ప్రమాణమైంది. కానీ చిన్న కళాశాల కొనగలిగే స్విచ్‌లలో అది దొరకదు కాబట్టి దాన్ని పక్కన పెడుతున్నాను.

అందుకే ప్రిన్సిపాల్ గారికి రెండోదే చెప్పాను. మూడు భవనాలు, వలయంగా మూడు కేబుళ్లు, మూడు మేనేజ్డ్ (మనం అమర్చుకోగల) స్విచ్‌లు, ల్యాబు పోర్టులన్నింటికీ కాపలా. ఆ కాపలా ఉన్న పోర్టులో మరో స్విచ్ పలకరింపు గానీ, తన సొంత పలకరింపే తిరిగి గానీ వినబడితే ఆ పోర్టు తనను తాను మూసుకుంటుంది. పది భవనాలు, వసతి గృహాలు ఉన్న పెద్ద ప్రాంగణం అయితే, చూసుకునే ఉద్యోగి నిలకడగా ఉంటే, మొహమాటం లేకుండా మూడోదే చెబుతాను.

ఒక షరతు మాత్రం గట్టిగా పెట్టాను. రెండు దారుల కేబుళ్లు ఒకే గొట్టంలో వేయకూడదు. విజయనగరంలో ఒక ఆఫీసుకు అలాగే వేశారు. మురుగుకాలువ తవ్వే జేసీబీ ఒక్క పెట్టుతో రెంటినీ తెంపింది. వలయం కాగితం మీదే మిగిలింది. మన కళాశాలలో ఒక కేబుల్ ఆటస్థలం వైపు నుంచి, ఇంకొకటి ప్రహరీ వెంట వేశాం. తవ్వకం ఖర్చు పెరిగిందని గుమాస్తా గారు కాస్త గొణిగారు.

పని పూర్తయిన రోజు గ్రంథాలయంలో ఒక కంప్యూటర్ నుంచి ఆఫీసు స్విచ్‌కు పింగ్ ('ఉన్నావా' అని ఆగకుండా అడిగే సందేశం) పెట్టి ఉంచాను. ప్రిన్సిపాల్ గారు తన చేత్తోనే ఆఫీసు వైపు కేబుల్ లాగేశారు. తెర మీద ఒక్క వరుస తప్పింది, ఆ తర్వాత జవాబులు మామూలుగానే వచ్చాయి. అప్పుడు ఆ ల్యాబు కుర్రాడిని పిలిచాను. ఆ రోజు ఏ కేబుల్ ఎక్కడ పెట్టావో మళ్లీ పెట్టమన్నాను. భయపడ్డాడు. "పెట్టు, ఏం కాదు" అన్నాను. పెట్టగానే ఆ ఒక్క పోర్టు లైటు ఆరిపోయింది. కింద ఆఫీసులో ప్రింటరు చప్పుడు ఆగలేదు.