హెడ్ టార్చ్: మంచిదే, స్విచ్ ఒక్కటే విసిగిస్తుంది

ఆన్‌లైన్‌లో సర్వైవల్ కిట్ అని వెతికితే చేపల గాలం, తీగ రంపం, నిప్పు రాజేసే పుల్ల, దిక్సూచి అన్నీ ఒకే డబ్బాలో పెట్టి అమ్ముతున్నారు. అపార్ట్‌మెంట్‌లో రెండో అంతస్తులో ఉండేవాళ్లకి గాలంతో ఏం పనండీ? 2014లో హుద్‌హుద్ తుపాను తర్వాత విశాఖలో, 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగినప్పుడు విజయవాడ సింగ్‌నగర్‌లో జనం రోజుల తరబడి చీకట్లో గడిపారు, అప్పుడు కావాల్సింది తాగేనీళ్లు, మందులు, ఫోన్‌లో ఛార్జింగ్, కాస్త వెలుతురు. ఆ వెలుతురు కోసం ఈ తలకు పెట్టుకునే టార్చ్ కొన్నాను, ఆరొందల లోపే.

రాత్రిపూట మోటారు వేయడానికి పొలం వెళ్లే రైతులకి ఇదేం కొత్త కాదు, టౌన్లో ఉన్న మనమే ఫోన్ లైటు వేసుకుని ఉన్న కాస్త ఛార్జింగూ తగలేసుకుంటాం. ఇది పెట్టుకుంటే రెండు చేతులూ ఖాళీ, లిఫ్ట్ ఆగిపోయినా నీళ్ల బకెట్ మోసుకుంటూ మెట్లెక్కొచ్చు, పిల్లల్ని ఎత్తుకోవచ్చు, వంట చేసుకోవచ్చు. డబ్బా మీద ల్యూమెన్లు, అంటే వెలుగు ఎంతో చెప్పే లెక్క, వేలల్లో వేశారు, ఆ లెక్క నమ్మకండి. ఇంట్లోకి తక్కువ వెలుగు చాలు, బ్యాటరీ ఎక్కువసేపు వచ్చేదీ దాంతోనే. ఐపీఎక్స్4 అని రాసుంటే తుంపర్లకి ఆగుతుందని మాత్రమే, నీళ్లలో పడినా పనిచేయాలంటే ఐపీఎక్స్7 ఉన్నది చూసుకోండి, అది మీటరు లోతులో అరగంట తట్టుకోవాలి.

స్విచ్ మాత్రం చిరాకు. ఆపాలంటే ఎక్కువ, తక్కువ, ఎర్రలైటు, టపటపా కొట్టుకునే లైటు అన్నీ దాటుకుని రావాలి, ఈలోపు ఎదురుగా అన్నం తింటున్నవాళ్ల కళ్లలో కొట్టి తిట్లు తినడం ఖాయం. లాక్ కూడా లేదు, బ్యాగులో దానంతటదే నొక్కుకుపోయి వెలుగుతూనే ఉంటుంది. అందుకే అయిదుకి మూడున్నర.

ఛార్జింగ్‌ది కాబట్టి వాడకపోయినా రెండు మూడు నెలలకోసారి ఛార్జింగ్ పెట్టాలి. అంత గుర్తుండదనుకుంటే సెల్స్ వేసేది కొనుక్కోండి, కాకపోతే సెల్స్ బయటకి తీసి దాని పక్కనే కవర్లో పెట్టండి, లోపలే వదిలేస్తే కారిపోయి స్ప్రింగులు పాడవుతాయి. మాకు ఇన్వర్టర్ ఉందిగా అనేవాళ్లు అది ఏ అంతస్తులో ఉందో ఓసారి చూసుకోండి, వరద నీళ్లు ముందు వచ్చేది గ్రౌండ్ ఫ్లోర్‌లోకే.