రెండు శనివారాల సివిల్ రైట్స్ వర్క్‌షాప్: మొదటి వారం సూపర్, రెండో వారం మాత్రం...

మా అమ్మాయి టెన్త్ గ్రేడ్. హైస్కూల్ పిల్లలకి సివిల్ రైట్స్ మూవ్‌మెంట్ (అమెరికాలో నల్లవాళ్లు సమాన హక్కుల కోసం చేసిన ఉద్యమం) మీద వర్క్‌షాప్ అని ఫ్లయర్ వస్తే 40 డాలర్లు కట్టి పంపా, పేరెంట్ వాలంటీర్లు కావాలంటే నేనూ వెళ్లి వెనక కూర్చున్నా. మార్టిన్ లూథర్ కింగ్ స్పీచ్ వీడియో వేసి, పోస్టర్ గీయించి పంపేస్తారులే అనుకున్నా. అస్సలు కాదు.

మొదటి వారం మాంట్‌గొమరీ బస్ బాయ్‌కాట్, అంటే అలబామాలోని ఆ ఊళ్లో బస్సుల్లో తెల్లవాళ్లకీ నల్లవాళ్లకీ వేరే సీట్లేంటని నల్లవాళ్లు బస్సెక్కడమే మానేశారే, అది. కథ చెప్పలేదు, పని అప్పజెప్పారు. టేబుల్ మీద ఊరి మ్యాప్, టీంకి పది బొమ్మ కార్లు, ఓ కట్ట చీటీలు, చీటీ మీద ఎవరు ఎక్కడ్నుంచి ఎక్కడికి వెళ్లాలో, ఎన్నింటికల్లా చేరాలో రాసుంది. రేపట్నుంచి బస్సెక్కరు, అందర్నీ పనికి చేర్చండి అంతే. పావుగంటకే గోల గోల. పొద్దున్నే ఆరింటికి వంటపనికి వెళ్లాల్సినావిడ చీటీ మ్యాప్ కింద ఉండిపోయింది, మావాళ్లు చూసుకోలేదు, మళ్లీ మొదట్నుంచి. ఈలోపు టీచరొచ్చి రెండు కార్లు పట్టుకుపోయింది, డ్రైవర్లకి పోలీసులు ఫైన్లు రాశారని! నిజంగానే అలా రాసేవాళ్లట, అయినా దాదాపు 300 కార్లతో 381 రోజులు లాగారు, 1956 డిసెంబర్ దాకా. బస్సులో తెల్లవాళ్లకి సీటివ్వనన్నందుకు రోసా పార్క్స్ అరెస్టయిన రాత్రి జో ఆన్ రాబిన్సన్ అనే కాలేజీ టీచర్ తెల్లార్లూ కూర్చుని, బస్సెక్కొద్దంటూ వేల కరపత్రాలు సైక్లోస్టైల్ తీసిందని నాకూ ఇప్పుడే తెలిసింది. అంతకు తొమ్మిది నెలల ముందే సీటివ్వనని అరెస్టయిన క్లాడెట్ కాల్విన్‌కి 15 ఏళ్లు, మా పిల్ల వయసే.

రెండో వారం సిట్-ఇన్. 1960లో గ్రీన్స్‌బరోలో నలుగురు నల్లజాతి స్టూడెంట్స్ తెల్లవాళ్లకే వడ్డించే లంచ్ కౌంటర్ దగ్గర కూర్చుని లేవమన్నారే, అది. నాష్‌విల్‌లో జేమ్స్ లాసన్ అనే ఉద్యమకారుడు అప్పటికే స్టూడెంట్స్‌కి ట్రైనింగ్ ఇచ్చేవాడు, తిట్టినా తోసినా తిరగబడకుండా ఎలా కూర్చోవాలో. ఇక్కడా అదే చేయించారు, సగం మంది స్టూళ్ల మీద, సగం మంది వెనకాల నిలబడి అరవాలి. ఆ అరిచే పని పిల్లలకెందుకండీ? ఒకబ్బాయికి ఊపొచ్చి స్టూల్ తన్నేశాడు, కూర్చున్న పిల్ల నవ్వుతున్నట్టే ఉంది కానీ చేతులు వణుకుతున్నాయి. అయ్యాక కూర్చోబెట్టి మాట్లాడించాలి కదా, పిజ్జా వచ్చింది పదండి అన్నారు. అడిగితే ఫీడ్‌బ్యాక్ ఫామ్‌లో రాయండి అన్నారు, రాశా, జవాబు లేదు.

ఇంకోటి, 1965 ఓటింగ్ రైట్స్ యాక్ట్‌తో (నల్లవాళ్ల ఓటు హక్కుని కాపాడే చట్టం) ఆపేశారు. అదే ఏడాది ఇమ్మిగ్రేషన్ చట్టం కూడా మారింది, అంతకుముందు అమెరికాకి వలస రావడానికి ఇండియా కోటా ఏడాదికి 100 మంది. రూంలో సగం దేశీ పిల్లలే, ఈ ఒక్క ముక్క చెప్పుంటే చెవులు రిక్కించేవాళ్లు.

మొదటి వారానికి 5 స్టార్లు, రెండోదానికి 2. వచ్చే ఏడాది మా చిన్నోణ్ణి కూడా కార్ల రోజుకి పంపుతా, స్టూళ్ల రోజు మాత్రం ముందే ఫోన్ చేసి అడుగుతా. కాస్త ముందే బయల్దేరండి, పార్కింగ్ దొరకదు.