సముద్రం పైకొస్తుంటే ఎవరి గోడ వారు కట్టుకోవడమా, కలిసి కట్టడమా: ఏది మేలు?

శాన్ ఫ్రాన్సిస్కో విమానాశ్రయం ఆ నగరానిదే గాని, ఆ నగరంలో లేదు. దక్షిణాన శాన్ మటేయో కౌంటీ (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) ఒడ్డున, ఒకప్పుడు అఖాతాన్ని పూడ్చిన నేల మీద ఉంది. నీటిమట్టం పెరుగుతున్నందున దాని చుట్టూ గోడ కట్టాలని ప్రణాళిక వేశారు. గోడ గురించి నిర్ణయించేది శాన్ ఫ్రాన్సిస్కో. గోడకు అటూ ఇటూ ఉన్న ఒడ్డు మాత్రం సౌత్ శాన్ ఫ్రాన్సిస్కో, మిల్‌బ్రే, బర్లింగేమ్ అనే వేరే ఊళ్లది. ఆ ఊళ్ల వాళ్లకు శాన్ ఫ్రాన్సిస్కో మేయర్ ఎన్నికలో ఓటు లేదు.

గోదావరి డెల్టాలో వరి పండించిన వారికి ఇందులోని చిక్కు చెప్పనక్కర లేదు. ఒకరు గట్టు ఎత్తు పెంచితే ముంపు నీరు మాయమైపోదు, పక్క చేనికి చేరుతుంది. అఖాతంలోనూ అంతే. పోటు నీరు పల్లపు నేల మీద పరుచుకునే వీలు లేకుండా గోడ అడ్డుపెడితే, ఆ నీరు ఇంకొక తీరాన ఎక్కువ ఎత్తుకు లేస్తుంది. 2021లో వెలువడిన ఒక అధ్యయనం శాన్ ఫ్రాన్సిస్కో అఖాతానికి ఈ లెక్క వేసి చూపింది. ఒక చోట ఒడ్డును కాపాడితే మరో చోట నష్టం పెరగవచ్చు.

ఇలాంటప్పుడు పక్కపక్క ఊళ్లు ఎలా కలిసి పనిచేయాలి? అమెరికాలోనే దీనికి భిన్నమైన దారులు కనిపిస్తాయి. తెలుగువారు పెద్ద సంఖ్యలో స్థిరపడిన ప్రాంతం కూడా కావడం వల్ల అఖాతం చుట్టుపక్కల జరుగుతున్నది మనకు మరీ దూరపు సంగతి కాదు.

ముందు, ఎవరి దారి వారు చూసుకోవడం. దీన్ని తేలిగ్గా తీసిపారేయడం న్యాయం కాదు. అదే అఖాతం ఒడ్డున పూడ్చిన నేల మీద వెలసిన ఫోస్టర్ సిటీ కరకట్ట చాలినంత ఎత్తు లేదని 2014లో కేంద్ర విపత్తు నిర్వహణ సంస్థ తేల్చింది. సరిచేయకపోతే ఊరంతా వరద ప్రాంతంగా నమోదై, ఇళ్లకు వరద బీమా భారం పడేది. 2018లో ఆ ఊరి ఓటర్లు 9 కోట్ల డాలర్ల బాండ్లకు భారీ మెజారిటీతో ఆమోదం తెలిపారు. ఆరేళ్లలో కట్ట పని పూర్తయింది. తమ డబ్బు, తమ ఓటు, తమ కట్ట. ఏ ఉమ్మడి సంఘమూ ఇంత వేగంగా కదలలేదు. అయితే ఆ స్తోమత ఉన్న ఊరు కాబట్టి కట్టుకోగలిగింది. ఒడ్డున ఉన్న ప్రతి పేద ఊరికీ ఇది చేతనయ్యే పని కాదు.

రెండో దారి ఫ్లోరిడాది. ఆగ్నేయ ఫ్లోరిడాలోని బ్రోవార్డ్, మయామీ-డేడ్, మన్రో, పామ్ బీచ్ కౌంటీలు 60 లక్షలకు పైగా జనం ఉన్న ప్రాంతం. సాయం కోసం వాషింగ్టన్ వెళ్లినప్పుడు సముద్రం ఎంత పెరుగుతుందన్న దానికి ఒక్కో కౌంటీ ఒక్కో అంకె చెబుతోందని అక్కడి నాయకులు గ్రహించారు. నాలుగు నోళ్లు నాలుగు అంకెలు చెబితే ఎవరు నమ్ముతారు? 2009 చివర సమావేశమై, 2010 మొదట్లో ఒక స్వచ్ఛంద ఒప్పందం చేసుకున్నారు. 2011లో నలుగురూ ఒప్పుకున్న ఉమ్మడి అంచనా వెలువడింది. తరువాత దాన్ని 2015లోనూ 2019లోనూ సవరించారు. 2019 అంచనా ప్రకారం, 2000 నాటి మట్టం కంటే సముద్రం 2040 నాటికి 10 నుంచి 17 అంగుళాలు, 2070 నాటికి 21 నుంచి 54 అంగుళాలు పెరుగుతుంది.

ఒక అంకె మీద ఏకాభిప్రాయం చిన్న విషయంలా కనిపిస్తుంది. కానీ వంతెన ఎత్తు, మురుగుకాలువ తూము, పంపుహౌస్ పునాది, అన్నీ ఆ అంకె మీదే ఆధారపడతాయి. రాష్ట్ర ప్రభుత్వం వాతావరణ మార్పు ఊసెత్తడానికే ఇష్టపడని సంవత్సరాల్లోనూ ఈ పొత్తు చెక్కుచెదరలేదు. పై నుంచి వచ్చిన ఆజ్ఞతో పుట్టినది కాదు కనుక, పై వాళ్ల మనసు మారితే పోయేదీ కాలేదు. ఈ బలాన్ని నేను చాలా గౌరవిస్తాను.

దాని బలహీనతా అక్కడే ఉంది. ఒప్పందంలో చేరిన ఎవరినీ ఎవరూ బలవంతపెట్టలేరు. గోడలు, పంపుల కోసం ఉమ్మడి ఖజానా లేదు. ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందన్న సామెత మనకు ఊరికే రాలేదు. అయినా ఫ్లోరిడాలో ఈ పద్ధతి ఇంతకాలం నెగ్గుకు రావడానికి, నా ఉద్దేశంలో, అక్కడి నేల ఒక కారణం. ఆ ప్రాంతం చిల్లులున్న సున్నపురాయి మీద ఉంది. సముద్రం గోడ కింద నుంచే లోపలికి వస్తుంది, వీధి కాలువల్లోంచి పైకి ఉబుకుతుంది, తాగునీటి భూగర్భ జలాల్లోకి ఉప్పు ఎక్కిస్తుంది. అలాంటి చోట ఒక ఊరి గోడ పక్క ఊరిని ముంచడం పెద్ద తగాదా కాదు. అందరికీ కావలసింది ఒకే సమాచారం, ఒకే అంచనా. అది మాటల ఒప్పందంతో దొరుకుతుంది.

పక్కవారి నిర్లక్ష్యం తమ వీధిని ముంచే చోట మాత్రం అక్కడా మాటల ఒప్పందం చాలలేదు. కాలువల వెంట ఇళ్లున్న బ్రోవార్డ్‌లో ఒక్క ఇంటి గోడ పొట్టిగా ఉన్నా పెద్ద పోటు ఆ సందులోంచి వచ్చి వీధంతా నింపుతుంది. అందుకే 2020లో కౌంటీ శాసనం చేసింది: పోటు నీటిని ఆపే గోడల పైఅంచు 2050 నాటికి నిర్ణీత ప్రామాణిక మట్టం కంటే కనీసం ఐదడుగుల ఎత్తున ఉండాలి, పోటు నీరు తాకే నగరాలన్నీ ఈ ప్రమాణాన్ని తమ నిబంధనల్లో చేర్చాలి. ఆ ఎత్తు నిర్ణయించడానికి అంచనాలపై ముందే కుదిరిన రాజీ పనికొచ్చింది. మాటతో మొదలై చట్టంతో ముగిసిన ఈ వరస నాకు చాలా విలువైనదిగా కనిపిస్తుంది.

మూడోది కాలిఫోర్నియా దారి, చట్టంతో మొదలుపెట్టడం. అఖాతం చుట్టూ తొమ్మిది కౌంటీలు, 101 పట్టణాలు ఉన్నాయి. ఇష్టం వచ్చినట్టు పూడ్చడం వల్ల అఖాతం చిన్నదైపోతోందని ప్రజలు ఉద్యమిస్తే 1965లో అఖాత పరిరక్షణ, అభివృద్ధి కమిషన్ ఏర్పడింది. నీరు తరిగిపోకుండా కాపాడడానికి పుట్టిన సంస్థకు ఇప్పుడు పెరిగే నీటితో పని పడింది. 2023లో చేసిన రాష్ట్ర చట్టం ప్రకారం తీరంలోని ప్రతి స్థానిక ప్రభుత్వమూ 2034 జనవరి 1 నాటికి సముద్రమట్టం పెరుగుదలను తట్టుకునే ప్రణాళికను కమిషన్‌కు ఇవ్వాలి. ఆమోదం పొందిన ఊళ్లకు రాష్ట్ర నిధుల్లో ప్రాధాన్యం ఉంటుంది. ప్రణాళికలకు కావలసిన ఉమ్మడి ప్రమాణాలను కమిషన్ 2024 డిసెంబరులో ఆమోదించింది. నీ గోడ పక్కవాడికి ఏం చేస్తుందన్న ప్రశ్నను ఇక ఏ ఊరూ దాటవేయలేదు.

డబ్బు సంగతి మాత్రం నన్ను కలవరపెడుతుంది. 2050 వరకు తీరాన్ని కాపాడడానికి సుమారు 11,000 కోట్ల డాలర్లు కావాలనీ, ఏమీ చేయకపోతే నష్టం 23,000 కోట్లు దాటుతుందనీ ప్రాంతీయ సంస్థలు 2023లో లెక్క కట్టాయి. తొమ్మిది కౌంటీల ఓటర్లు 2016లో తమకు తాము వేసుకున్న పన్ను స్థలానికి ఏడాదికి 12 డాలర్లు. 20 ఏళ్లకు దాని మొత్తం 50 కోట్లు, అదీ ప్రధానంగా చిత్తడి నేలల పునరుద్ధరణకు. కావలసిన దానిలో అర శాతం కూడా కాదు. ప్రణాళిక రాయమని ఆజ్ఞాపించిన చట్టం కట్టడానికి చాలినంత డబ్బు ఇవ్వలేదు.

ఈ లోటు తెలిసినందువల్లే కాబోలు, శాన్ మటేయో కౌంటీ నాలుగో దారి పట్టింది. కౌంటీ, దానిలోని 20 ఊళ్లు కలిసి వరదలు, సముద్రమట్టం పెరుగుదల అనే ఒక్క పని కోసం ప్రత్యేక సంస్థను 2020 జనవరిలో మొదలుపెట్టాయి. పేరు వన్‌షోర్‌లైన్. మిల్‌బ్రే, బర్లింగేమ్ ఒడ్డును రెండు ముక్కలుగా కాక ఒకే ఒడ్డుగా చూసి పథకం వేసేది ఈ సంస్థే. నెదర్లాండ్స్‌లో 13వ శతాబ్దం నుంచి ఉన్న నీటి మండళ్లు ఇదే కోవకు చెందినవి. వాటికి సొంత ఎన్నికలు, సొంత పన్ను ఉన్నాయి. 1950 ప్రాంతంలో అవి రెండు వేలకు పైగా ఉండేవి. 1953 వరదలో 1,836 మంది చనిపోయాక చిన్న మండళ్లు ఒకదానిలో ఒకటి కలుస్తూ వచ్చి ఇప్పుడు 21 మిగిలాయి.

నన్ను ఒకటి ఎంచుకోమంటే, గోడ వల్ల నీరు పక్కకు మళ్లే తీరాలకు నాలుగో దారినే ఎంచుకుంటాను, పన్ను వేసే అధికారం కూడా దానికి ఇవ్వాలన్న షరతుతో. ఆ అధికారం లేని ప్రత్యేక సంస్థ ఊళ్ల చందాల మీద, గ్రాంట్ల మీద బతకాల్సి వస్తుంది. చట్టం దానికి వెన్ను కాయాలి, లేకపోతే చేరడానికి ఇష్టపడని ఒక్క ఊరు మొత్తం కట్టలో గండిగా మిగులుతుంది. ఇంకా పక్క ఊరితో మాటే కలవని చోట మాత్రం ఫ్లోరిడాలాగా ఒక అంకెతో మొదలుపెట్టడమే సరి.

మన తీరం ఇంకా ఆ మొదటి మెట్టు దగ్గరే ఉంది. ఉప్పాడలో కోత ఇళ్లను మింగుతూనే ఉంది, తుపాను వచ్చినప్పుడల్లా కాకినాడ రోడ్డు దెబ్బతింటోంది, అడ్డుగా వేసిన జియోట్యూబ్ (ఇసుక నింపిన పెద్ద గొట్టం లాంటి సంచి) పాడైపోయింది. పంచాయతీ ఒకరిది, రోడ్డు ఇంకొకరిది, ఓడరేవు మరొకరిది. అయితే ఇది కలిసి కూర్చునే చోటు లేక కాదు. రాజ్యాంగంలోని 243జడ్‌డి అధికరణ ప్రతి జిల్లాకూ ప్రణాళికా సంఘం ఉండాలని చెబుతోంది. పంచాయతీలకు, మున్సిపాలిటీలకు ఉమ్మడిగా సంబంధించిన విషయాలను, నీరు, ప్రకృతి వనరుల పంపకం సహా, అది చూడాలి. కాకినాడ నగరపాలక సంస్థ, ఉప్పాడ వైపు తీర పంచాయతీలు ఆ సంఘం వేదికగా కలిసి, 2050 నాటికి ఏ ఊరి ఒడ్డు ఎక్కడ ఉంటుందన్న ఒక్క పటం మీద సంతకాలు చేయడానికి కొత్త చట్టమేమీ అక్కర లేదు.