అమీగాను బతికించబోయిన ముగ్గురిలో ఎవరి దారి మేలు?

1994 ఏప్రిల్‌లో కమడోర్ సంస్థ చేతులెత్తేయడంతో, అది తయారు చేసిన అమీగా అనే ఇంటి కంప్యూటర్ దిక్కులేనిదైంది. తర్వాత దాన్ని నిలబెట్టబోయిన వారిలో మూడు సంస్థలను పోల్చి చూడాలి: జర్మనీకి చెందిన ఎస్కామ్, అమెరికాలోని గేట్‌వే, బెల్జియంలోని హైపీరియన్. ముగ్గురూ ఓడిపోయారు. అయితే ఎవరి ఓటమి వారిదే.

ముందుగా కొలత తేల్చుకోవాలి. అమీగా గొప్పతనం ప్రాసెసర్‌లో లేదు. ఆగ్నస్, డెనీస్, పౌలా అనే మూడు ప్రత్యేక చిప్పులు బొమ్మలను కదిలించే పనినీ, తెర మీది రంగులనూ, నాలుగు చానెళ్ల ధ్వనినీ పంచుకుని ప్రాసెసర్ భారం తగ్గించేవి. 1987లో వచ్చిన అమీగా 500 ఆ శక్తిని మామూలు ఇళ్లకు అందే ధరలోకి తెచ్చింది. ఈ చిప్పులు, ఈ ధర, వీటి కోసం రాసిన ఆటలు, పరికరాలు. వీటిలో ఎవరు ఎంత కాపాడారన్నదే నా తూకం.

ఎస్కామ్ 1995లో హక్కులు కొని, 1992 నాటి అమీగా 1200నే మళ్లీ తయారు చేసింది. బ్రిటన్‌లో ధర 399 పౌండ్లు. రెండేళ్ల కిందట కమడోర్ అమ్మిన ధర కంటే 150 పౌండ్లు ఎక్కువ. పైగా పీసీల ఫ్లాపీ డ్రైవ్‌ను మార్చి అమర్చడంతో కొన్ని పాత ఆటలు నడవలేదు. 1996 మార్చిలో హనోవర్ ప్రదర్శనలో వాకర్ అనే కొత్త నమూనాను చూపించారు. కొన్ని నెలలకే ఎస్కామ్ దివాలా తీసింది, వాకర్ నమూనాగానే మిగిలింది.

గేట్‌వే 1997లో కొన్నది. ముగ్గురిలో డబ్బున్న సంస్థ అదే, అందుకే నాకు దాని మీదే ఎక్కువ కోపం. 1998లో క్యూఎన్ఎక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఆధారంగా కొత్త వ్యవస్థ అన్నారు, 1999లో లినక్స్ అన్నారు. ఒక్క యంత్రమూ అంగడికి రాలేదు. చివరికి పేటెంట్లు తన దగ్గరే ఉంచుకుని పేరును అమ్మేసింది.

హైపీరియన్‌ది ఓపిక. 2001లో ఆ పేరును కొన్న సంస్థతో ఒప్పందం చేసుకుని, అమీగా ఆపరేటింగ్ సిస్టమ్‌ను పవర్‌పీసీ అనే వేరే రకం ప్రాసెసర్లకు మలిచింది. 4.0 పూర్తి రూపం 2006 డిసెంబరుకు గానీ రాలేదు. మరుసటి ఏడాదే మొదలైన కోర్టు తగాదా 2009 వరకు సాగింది. అయినా పని ఆపలేదు, 2014లో 4.1 తుది కూర్పు వచ్చింది. ఆ పట్టుదలకు నమస్కరిస్తాను. కానీ అది నడిచే అమీగావన్ యంత్రాల్లో పాత చిప్పులు లేవు. వాటితో నేరుగా మాట్లాడే ఆటలను, పాత యంత్రాన్ని అనుకరించే ఎమ్యులేటర్‌ సాఫ్ట్‌వేర్‌లో నడుపుకోవాలి. ధర మామూలు ఇంటికి అందేది కాదు.

నా తీర్పు ఎస్కామ్ వైపే. హైపీరియన్ అమీగా ఆలోచనను నిలిపింది, ఎస్కామ్ అమీగానే నిలిపింది. పెట్టె తెరిచి టీవీకి తగిలిస్తే తన దగ్గరున్న ఆటల్లో ఎక్కువ భాగం నడిచే యంత్రాన్ని పిల్లవాడి చేతికిచ్చింది ఈ ముగ్గురిలో అదొక్కటే. తక్కువ ధరకు అమ్మి, కమడోర్ ఇంజనీర్లు సగంలో వదిలిన ఏఏఏ అనే తర్వాతి తరం చిప్పుల పనిని అందిపుచ్చుకుని ఉంటే బాగుండేది. ఆ రెండూ ఎస్కామ్ చేయలేదు.