మా వాడి భుజం ఆపరేషన్: విజయవాడలో పిల్లల ఎముకల డాక్టరు గారి దగ్గర మా అనుభవం

మా వాడికి 6 ఏళ్ళు. బడిలో బెంచీ మీంచి దూకి పడ్డాడు. అంత చిన్న దెబ్బకే భుజం దగ్గర ఎముక విరిగింది. మొదట మా ఊళ్ళో చూపించిన చోట కట్టు వేసి, ‘ట్యూమర్‌లా ఉంది, పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండి’ అన్నారు. ఇంకో ముక్క చెప్పలేదు. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరికీ అన్నం దిగలేదు. పుత్తూరు కట్టు వేయిద్దామన్న మా మామగారు కూడా ఆ మాట విన్నాక నోరు మెదపలేదు.

విజయవాడలో ఈ డాక్టరు గారు అదే ఎక్స్‌రే పెట్టి మా ఇద్దర్నీ దగ్గరికి పిలిచారు. ఎముక లోపల నల్లగా గుల్ల, దాని అడుగున చిన్న ఎముక పెంకు. ‘‘లోపల గట్టి గడ్డ ఉంటే ఈ పెంకు ఇలా జారి అడుక్కి పడదమ్మా. నీరుంది కాబట్టే పడింది. ఇది నీటితిత్తిలాగే ఉంది, క్యాన్సర్‌లా లేదు. అయినా బయాప్సీకి పంపుదాం’’ అన్నారు. నాకు ఏడుపు ఆగలేదు.

వెంటనే కొయ్యలేదు, ముందు విరిగింది అతకనిచ్చారు. కొందరికి అతుక్కునేటప్పుడే గుల్ల పూడుతుందట. మా వాడికి పూడలేదు, గోడ మరీ పల్చగా ఉంది. ఎముకకి చిన్న కిటికీ తెరిచి, నీరు తీసేసి, లోపలి పొర గీకి, కృత్రిమ ఎముక గుళికలు నింపారు. మళ్ళీ విరక్కుండా 2 సన్నటి టైటానియం కడ్డీలు వేశారు. ఆ ఎముక పొడుగు పెరగడంలో దాదాపు 80 శాతం భుజం వైపు నుంచేనట, అందుకని పెరుగుదల పొర దగ్గర గీకుడు ఆపేశారు. బయాప్సీలోనూ నీటితిత్తి అనే వచ్చింది.

నచ్చనివి కూడా చెప్పాలి. పొద్దున 7 గంటలకి అని చెప్పిన ఆపరేషన్ మధ్యాహ్నం 1కి చేశారు. మత్తుకి 2 గంటల ముందు దాకా మంచినీళ్ళు ఇవ్వొచ్చని తర్వాత తెలిసింది. వార్డులో ఎవరూ చెప్పలేదు, పిల్లాడు నీళ్ళ కోసం ఏడుస్తూనే ఉన్నాడు. గుళికల ఖర్చు ముందిచ్చిన అంచనాలో లేదు. మీరు వెళ్తే ఈ రెండూ ముందే అడగండి.

అయినా మళ్ళీ ఈయన దగ్గరికే వెళ్తాను. సంతకం పెట్టించకముందే, ‘‘10 ఏళ్ళ లోపు పిల్లల్లో ఇది తిరగబెట్టడం ఎక్కువ, ఇంకోసారి చెయ్యాల్సి రావచ్చు’’ అని కూర్చోబెట్టి చెప్పారు. 5వ నెల ఎక్స్‌రేలో పైన బొటనగోరంత నల్లమచ్చ కనబడితే, ఆ మాట ముందే విని ఉన్నాను కాబట్టి తట్టుకోగలిగాను. 3 నెలల తర్వాత మళ్ళీ చూస్తామన్నారు. ఈలోగా దూకుళ్ళు వద్దు, ఈత కొట్టొచ్చు అన్నారు. నిన్నటి నుంచి ఈతకి వెళ్తున్నాడు.