శ్రమల నాటకం బాగుంది, సాతానే ఎక్కువయ్యాడు

మట్టల ఆదివారం వెళ్ళిన వారంలో మా సంఘంలో యేసు సిలువ శ్రమల నాటకం వేయించడం ఆనవాయితీ. ఊరు టంగుటూరుకు దగ్గర. ఈసారి చీరాల వైపు నుంచి ఒక బృందాన్ని పిలిచాం. పేరు రాయను. మిగతా బృందాలవాళ్ళూ మాకు కావలసినవాళ్ళే, రేపు వాళ్ళ మొహాలూ చూడాలి. స్త్రీల సమాజానికి ట్రెజరర్ని నేనే. బేరమాడిందీ నేనే, డబ్బు కట్టిందీ నేనే. కాబట్టి రివ్యూ రాసే హక్కు కూడా నాదే అనుకుంటున్నా.

వ్యాను ఖర్చుతో కలిపి 18,000. అడ్వాన్సు 5,000 ఫోన్‌పేలో. స్టేజీ, జనరేటరు, భోజనాలు మనవి. పొగాకు గ్రేడింగుకి పోయిన ఆడవాళ్ళు ఇంటికొచ్చి, నీళ్ళు పోసుకుని, పిల్లలకు అన్నం పెట్టి వచ్చేసరికి తొమ్మిది దాటింది. అప్పటిదాకా ఒక్కరూ విసుక్కోలేదు, ఇది మెచ్చుకోవాలి. భోజనంలో గోంగూర పచ్చడి లేదని రోమా అధిపతి పిలాతు వేషం కట్టినాయన కాస్త అలిగాడు, అంతే. హార్మోనియం ఆయన చెయ్యి తిరిగినవాడు. వేలాడదీసిన మైకులు మాత్రం స్టేజీకి ఆ చివర ఉన్నవాళ్ళ మాట అందుకోలేదు. ప్రధాన యాజకుడు కయప ఏమన్నాడో వెనక వరసలవాళ్ళకి ఇప్పటికీ తెలియదు.

ఇక ఇస్కరియోతు యూదా, ముప్పై వెండి నాణేలకు యేసుని యాజకులకు అప్పగించిన శిష్యుడు. ఆ వేషం కట్టినాయన గొంతు అట్టాంటిట్టాంటి గొంతు కాదు. పద్యనాటకాలు వింటూ పెరిగిన చెవులు మావి, ఊరికే లొంగవు. అయినా లొంగాయి. కానీ ఆయన్ని తనంతట తాను నటించనిస్తేగా! యూదా వచ్చిన ప్రతిసారీ వెనకాలే నల్ల గుడ్డలు, అట్ట కొమ్ములు పెట్టుకుని సాతాను హాజరు. యాజకుల దగ్గరికి పోయేటప్పుడు మెడ మీద చెయ్యేసి తోస్తాడు. గెత్సేమనే తోటలో యేసుని పట్టివ్వడానికి ముద్దు పెట్టేటప్పుడు తల వెనక నుంచి వంచుతాడు. అంతా ఆయన చేత చేయించి, వ్యాఖ్యాత మైకులో "ఓరి ద్రోహీ!" అని యూదాని అందుకుంటాడు. నా పక్కన కూర్చున్న పెద్దామె, "ఏందమ్మాయ్, ఆ నల్లోడు తోస్తావుంటే ఈడేం జేస్తాడు? తిట్టేదేమో ఈణ్ణా?" అంది.

నేను రాయాలనుకున్నదంతా ఆమె ఆ రెండు ముక్కల్లో చెప్పేసింది. సాతాను చేయించాడంటే యూదాని తిట్టకూడదు. తిట్టాలంటే సాతానుని పక్కకు పంపాలి. రెండూ ఒకే స్టేజీ మీద కుదరవు.

బైబిలు గ్రంథంలో సాతాను లేడా అంటే ఉన్నాడు. యూదాలో సాతాను ప్రవేశించాడని లూకా 22లో ఉంది, రొట్టె ముక్క పుచ్చుకున్నాక ప్రవేశించాడని యోహాను 13లో ఉంది. అయితే ఆ యోహానే ముందు అధ్యాయంలో ఇంకో మాట రాశాడు: డబ్బు సంచి యూదా దగ్గరుండేది, అందులో వేసింది దొంగిలించేవాడు. అంటే సాతాను రాకముందు నుంచే చిల్లర జారుతోంది. సంచి మోసే మనిషిని గనక నాకు ముందు ఇదే కనిపిస్తుంది. రాత్రి లెక్క చూసేటప్పుడు ఒక యాభై రూపాయలు ఎక్కువ తేలితే, దాన్ని ఏ పద్దులో రాద్దామా అని ఆలోచించే ఆ అరనిమిషం నా మెడ మీద ఎవరి చెయ్యీ ఉండదు.

నాటకం మొత్తానికి గొప్ప సీను బేతనియ విందు. కారణం వింటే నవ్వొస్తుంది. సాతాను వేషగాడే, యేసు చావు నుంచి లేపిన లాజరు కూడా. లాజరు బల్ల దగ్గర కూర్చోవాలి కాబట్టి కొమ్ములు తీసి లోపల పెట్టొచ్చాడు. దాంతో యూదా ఒంటరిగా దొరికాడు. లాజరు తోబుట్టువు మరియ యేసు పాదాలకు అత్తరు పోస్తుంటే యూదా ఎంతో నెమ్మదిగా, కమిటీ మీటింగులో పెద్దమనిషి మాట్లాడినట్టు, దీన్ని మూడు వందల దేనారములకు అమ్మి బీదలకు ఇవ్వొచ్చు కదా అన్నాడు. కూలివాడికి రోజుకు ఒక దేనారం లెక్కన ఏడాది కూలి దగ్గర దగ్గర. ఆ మాటలో తప్పేముంది? జనంలో సగం మంది తలలూపారు, నేనూ ఊపాను. నాకు వణుకు పుట్టింది అప్పుడే. కొమ్ములు కనపడ్డప్పుడు కాదు.

ఇంకో శిష్యుడు పేతురు సంగతి చూడండి. "సాతాను మిమ్మల్ని గోధుమల్లా జల్లించడానికి అడిగాడు" అని ప్రభువు హెచ్చరించింది పేతురుతోనే. కోడి కూసేలోగా మూడుసార్లు నన్ను ఎరగనంటావని ముందే చెప్పిందీ పేతురుకే. మరి చలిమంట దగ్గర ఆయన బొంకేటప్పుడు వెనక నల్ల గుడ్డలేవీ? ఆయన నోటితో ఆయనే అన్నాడు, ఆయన కళ్ళతో ఆయనే ఏడ్చాడు. బ్రహ్మాండంగా వచ్చింది. పేతురుకి ఇచ్చిన ఆ గౌరవం యూదాకి ఎందుకివ్వరు?

అయిపోయాక పాస్టరు గారు పది నిమిషాలు మాట్లాడారు. మనుష్యకుమారుడు, అంటే యేసు, నిర్ణయించిన ప్రకారమే పోతున్నాడనీ, అయినా అప్పగించేవాడికి శ్రమ అనీ లూకా 22:22లో రెండూ ఒకే వాక్యంలో ఉన్నాయన్నారు. జరిగిపోయింది మనకు గుర్తుండటం వల్ల అది జరగలేదు కదా, అలాగే దేవుడికి ముందే తెలియడం వల్ల మనిషి పాపం చెయ్యడు అని పాతకాలపు క్రైస్తవ పండితుడు అగస్టీను చెప్పాడట. ఇది నాకు బాగా నచ్చింది. ప్రొటెస్టెంటు సంస్కర్త లూథరు మాత్రం 1525లో, మనిషి ఇష్టానికి స్వేచ్ఛ ఉందన్న పండితుడు ఎరాస్మసుకు జవాబు రాస్తూ, మనిషి ఇష్టం సవారీ జంతువు లాంటిది, దేవుడెక్కితే దేవుడి దారి, సాతానెక్కితే సాతాను దారి అన్నాడట. గుంటూరు వైపు లూథరన్లయిన మా ఆడపడుచువాళ్ళను అడిగి చూడాలి. ఈ బృందమైతే లూథరు కంటే ఒకాకు ఎక్కువే చదివింది.

మాది బాప్టిస్టు సంఘం. చంటిబిడ్డలకు బాప్తిస్మం ఇవ్వం, పెద్దయ్యాక వాళ్ళు నోరు తెరిచి ఒప్పుకోవాలి. 1876-78 కరువులో అమెరికా మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ పని ఇప్పించి వేలమందిని బతికించాడు. కూటి కోసం చేరారనే మాట రాకూడదని ఆ కరువు సాయం రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడు. తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏటిలో ఒక్క రోజే 2,222 మందికి ఇచ్చారు. ఎవరి ఇష్టం వాళ్ళదని అంత పట్టింపు ఉన్న జనం ముందు మెడబట్టి తోసే సాతానుని తెచ్చి నిలబెడితే ఎట్టా?

రెండో సగం గురించి చెప్పకపోతే అన్యాయం. ముప్పై నాణేలు తిరిగి ఇచ్చే సీనులో సాతాను లేడు, పని అయిపోయింది కదా. నాణేలంటే చెల్లని పావలాలు. యూదా పద్యం ఎత్తుకుని, చివర రాగం తీసి, పావలాలు దేవాలయంలోకి విసిరాడు. వెనక నుంచి "వన్స్‌మోర్" అని కేక! ఆయన వంగి పావలాలన్నీ ఏరుకుని, పద్యం మళ్ళీ పాడి, మళ్ళీ విసిరాడు. రెండోసారే ఇంకా బాగుంది.

నేను నిరపరాధ రక్తాన్ని అప్పగించి పాపం చేశాను అంటాడు యూదా. యాజకుల జవాబు, "దానితో మాకేమి? నీవే చూచుకొనుము." కాసేపటికి పిలాతు చేతులు కడుక్కుని జనంతో మీరే చూసుకోండి అంటాడు. ఆ రాత్రి తప్పు చేతులు మారుతూనే ఉంది, నాది అన్నవాడు ఈ దొంగ ట్రెజరర్ ఒక్కడే. పైగా ఆ యాజకులు రక్తం ఖరీదు కానుకల పెట్టెలో వెయ్యకూడదని చర్చించి, పొలం కొని లెక్క సరిచేశారు. మనిషిని కొన్నప్పుడు రాని అనుమానం పద్దు రాసేటప్పుడు వచ్చింది. "క్షమాపణ అడగలేదు గనక నశించాడు" అని వ్యాఖ్యాత ఒక్క ముక్కలో తేల్చేశాడు. ఒప్పుకున్నాడు గానీ, తనను కొన్నవాళ్ళ దగ్గరికి పోయి ఒప్పుకున్నాడు. పేతురు తిరిగి తనవాళ్ళలోకి పోయాడు. వ్యాఖ్యాత ఆ తేడా చెప్పి ఉంటే బాగుండేది.

మిగతా డబ్బు కట్టేటప్పుడు బృందం పెద్దాయనతో, సాతానుని అరణ్యంలో యేసుని శోధించే సీనుకే పెట్టుకోండి, తర్వాత లాజరుగానే ఉండనివ్వండి అన్నాను. "సాతాను కనపడకపోతే పిల్లలు పడుకుంటారమ్మా, మీరు మళ్ళీ పిలవరు" అన్నాడు. అదీ నిజమే, మా పిల్లలు ఈలలు వేసింది ఆయనకే. వచ్చే ఏడు చూద్దాంలే అన్నాడు.

అయిదుకి మూడున్నర ఇస్తున్నా. అరమార్కు ఆ వన్స్‌మోర్‌కి. ఏ బృందాన్నయినా పిలవాలనుకునేవాళ్ళు శ్రమల దినాలు మొదలయ్యే బూడిద బుధవారానికి ముందే ఫోను చెయ్యండి, గుడ్ ఫ్రైడే ముందు రాత్రులు తొందరగా నిండిపోతాయి. అడ్వాన్సుకు రసీదు అడగండి. అడిగితే ఇస్తారు, అడక్కపోతే ఇవ్వరు.