ఫోనులో లాస్‌లెస్ సంగీతం: అమలాపురం నుంచి దీర్ఘకాల వాడకం సమీక్ష

2021లో యాపిల్ మ్యూజిక్ అదనపు రుసుము లేకుండా లాస్‌లెస్ (అసలు ధ్వనిలో ఏదీ పోగొట్టని) పాటలు ఇవ్వడం మొదలుపెట్టిన నాటి నుంచి అమలాపురంలో ఆ సదుపాయాన్ని వాడుతున్నాను. నా దగ్గరున్న కర్ణాటక సంగీతం సీడీలను ఫ్లాక్ అనే లాస్‌లెస్ పద్ధతి ఫైళ్లుగా ఫోనులో దాచుకోవడం అంతకు ముందు నుంచీ ఉన్న అలవాటు. ఇన్నేళ్ల వాడకంలో తేలిందేమంటే, పాట నాణ్యత దెబ్బతినేది సేవ దగ్గర కాదు, అది చెవిని చేరే దారిలో.

సీడీలోని ధ్వని ఒక్కో నమూనాకు 16 బిట్లు, సెకనుకు 44,100 నమూనాల (44.1 కిలోహెర్ట్జ్) చొప్పున సెకనుకు 1,411 కిలోబిట్లు ఉంటుంది. ఫ్లాక్, యాపిల్ వారి ఏలాక్ పద్ధతులు ఒక్క బిట్టు కూడా వదలకుండా దాన్ని సుమారు సగానికి కుదిస్తాయి. ఎంపీ3, ఏఏసీ మాత్రం చెవికి పట్టుబడదని లెక్కగట్టిన భాగాన్ని తీసేస్తాయి. బ్లూటూత్‌లో పాటను పంపే పద్ధతుల్లో మేలైన ఎల్‌డాక్ సైతం సెకనుకు 990 కిలోబిట్లు దాటదు, మామూలు ఎస్‌బీసీ 328 దగ్గరే ఆగుతుంది. కనుక ఫోను, ఇయర్‌ఫోన్లు రెండింటిలోనూ ఆప్ట్‌ఎక్స్ లాస్‌లెస్ లాంటి బ్లూటూత్ పద్ధతి ఉంటే తప్ప, తెర మీది లాస్‌లెస్ గుర్తును చూసి మురిసిపోవడం దండగ.

నేను టైప్-సీకి తగిలించే చిన్న డ్యాక్‌తో (డిజిటల్ పాటను ఇయర్‌ఫోన్లకు కావలసిన విద్యుత్ సంకేతంగా మార్చే పరికరం) వైరు ఇయర్‌ఫోన్లు వాడుతున్నాను. ఆండ్రాయిడ్ ఫోన్లు చాలావరకు శబ్దాలన్నింటినీ 48 కిలోహెర్ట్జ్‌కు మార్చి పంపుతాయి. యూఎస్‌బీ ద్వారా ఏ మార్పూ లేకుండా పంపే వీలు ఆండ్రాయిడ్ 14తో వచ్చినా, యాప్ కూడా దాన్ని అందిపుచ్చుకోవాలి. (మా వైపు ఉప్పుగాలికి జాక్‌లు చిలుము పడతాయి, మూత ఉన్న డబ్బా తప్పనిసరి.)

మా కోనసీమలోని శంకరగుప్తంలో పుట్టిన మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారి కచేరీలనే పరీక్షకు పెట్టుకున్నాను. ఏది ఏదో తెలియకుండా లాస్‌లెస్‌ను 256 కిలోబిట్ల ఏఏసీతో పోల్చి విన్నప్పుడు గాత్రంలో నాకు తేడా దొరకలేదు. తంబురా నాదం మీద మృదంగం గట్టిగా పలికే చోట్ల మాత్రం అప్పుడప్పుడు పోల్చుకోగలిగాను. సీడీని మించి 192 కిలోహెర్ట్జ్ వరకు వెళ్లే హై-రెజల్యూషన్ లాస్‌లెస్ నా చెవికి అదనంగా ఇచ్చిందేమీ లేదు. పాత టేపుల నుంచి ఎక్కించిన పాటల్లోనైతే టేపు రొద కూడా అంతే నమ్మకంగా వినిపిస్తుంది.

యాపిల్ లెక్క ప్రకారం 10 జీబీలో మామూలు నాణ్యతతో సుమారు 3,000 పాటలు పడితే, లాస్‌లెస్‌వి 1,000, హై-రెజల్యూషన్‌వి 200 పడతాయి. రావులపాలెం దారిలో బస్సులోనో, లంక గ్రామాల వైపు వెళ్లినప్పుడో సిగ్నల్ సన్నగిల్లితే ఇంత బరువైన పాట మధ్యలో ఆగిపోతుంది. రాత్రి ఇంటి వైఫైలో దింపుకొని ఉంచుకున్నదే పనికొస్తుంది. అలా దింపుకున్నవి కూడా చందా ఉన్నంత కాలమే మనవి.

సొంత ఫైళ్లను క్లౌడ్‌కు అప్పగించేవారు మరింత జాగ్రత్తపడాలి. యాపిల్ క్లౌడ్ లైబ్రరీకి ఏలాక్ ఫైలును ఎక్కిస్తే అది 256 కిలోబిట్ల ఏఏసీగా మారాకే అక్కడికి చేరుతుంది, కాబట్టి అసలు ప్రతులను హార్డ్‌డిస్కులోంచి తీసేయకూడదు. 2021లో మాట ఇచ్చి 2025లో లాస్‌లెస్ తెచ్చిన స్పాటిఫై 24 బిట్లు, 44.1 కిలోహెర్ట్జ్ దగ్గరే ఆగింది. నా లెక్కన అది లోటు కాదు. ప్రస్తుతం నా ఫోనులో మొబైల్ డేటాకు ఏఏసీ, డౌన్‌లోడ్‌లకు లాస్‌లెస్ ఎంచుకొని, హై-రెజల్యూషన్‌ను పూర్తిగా ఆపేశాను.